ఆబిడ్స్‌లో మెట్లు దిగి వెళ్లే ఆ పాత బారు ఎవరికైనా గుర్తుందా?

సుబ్బు_ట్రూప్‌బజార్:
అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం పాత పుస్తకాల కోసం ఆబిడ్స్ వెళ్లాను. షాపులకు సెలవు కదా, ఫుట్‌పాత్ నిండా పుస్తకాలే. జీపీవో దాటి నడుస్తుంటే కాలు దానంతటదే పక్క సందులోకి తిరిగింది. తీరా లోపలికి వెళ్లాక తెలిసొచ్చింది, నేను వెతుకుతున్నది ఎప్పుడో పోయిందని.

అక్కడ ఒక బారుండేది. రోడ్డు మీంచి కనిపించేది కాదు, కిందికి మెట్లు దిగాలి. బోర్డు మీద ఏదో పేరుండేది గానీ మాకెవరికీ అది పట్టలేదు. మేం "మెట్లు" అనేవాళ్లం. సాయంత్రం మెట్ల దగ్గర అంటే చాలు, వచ్చేవాళ్లు వచ్చేస్తారు. సరిగ్గా పదకొండు మెట్లు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, పైకి వచ్చేటప్పుడు లెక్కపెట్టుకుంటూ ఎక్కేవాణ్ని. లెక్క తప్పితే ఇంకో నిమ్మసోడా తాగి గానీ ఇంటికి బయల్దేరకూడదని నా రూలు.

1984లో ట్రూప్‌బజార్‌లో ఎలక్ట్రికల్ షాపులో లెక్కలు రాయడానికి చేరాను. షాపు కట్టేసరికి ఎనిమిదిన్నర. అక్కణ్ణుంచి నడిచి మెట్లు. లోపల పగలైనా రాత్రైనా ఒకే వెలుతురు, ట్యూబ్‌లైట్లకు ఎర్ర కాగితం చుట్టేవాళ్లు. టేబుళ్ల మీద సన్‌మైకా అంచుల్లో లేచిపోయి మోచేతులకు పట్టుకునేది. నా చొక్కాలన్నీ కుడి మోచేతి దగ్గరే చిరిగేవి. అది షాపులో వైర్ల వల్లేనని మా ఆవిడ ఇప్పటికీ అనుకుంటోంది.

95లో మద్య నిషేధం రాగానే మూసేశారు. అంతే. ఇంకెవరైనా అక్కడ కూర్చున్నవాళ్లున్నారా?

కోఠి_గుంటూరోడు:
ఉన్నా సార్! కానీ మెట్లు తొమ్మిది. నేనూ లెక్కపెట్టేవాణ్నే, మీలా పైకి కాదు, కిందికి దిగేటప్పుడు, చీకట్లో పడకుండా. ఇంకోటి, 95లో మూసేయడమేంటి? నేను 2001లో ఉద్యోగం వచ్చిన రోజు అక్కడే పార్టీ ఇచ్చాను. జేబులో ఉన్నదంతా ఊడ్చుకుపోయింది, మర్చిపోతానా?

సుబ్బు_ట్రూప్‌బజార్:
మీరు చెప్పేది వేరే చోటయ్యుంటుంది. మాది ఎత్తు కప్పు. పైన పొడుగు కాడ ఫ్యాను తిరిగేది.

కోఠి_గుంటూరోడు:
ఎత్తు కప్పా? నాది అయిదడుగుల పదకొండంగుళాలు. చివరి మెట్టు దగ్గర తల వంచి వెళ్లేవాణ్ని. ఒకసారి నుదురు బొప్పి కట్టింది కూడా. గోడకి చేపల తొట్టి. అందులో ఒకే ఒక్క నల్ల చేప.

మోండా మురళి:
చేపల తొట్టి లేని బారు ఆ రోజుల్లో ఎక్కడుందన్నా 😄 అయినా ఆబిడ్స్ ఆబిడ్స్ అని ఎందుకు కొట్టుకుంటారు, మా సికింద్రాబాద్ వైపు రండి. జేమ్స్ స్ట్రీట్ అనే మాట ఈ తరంలో ఎంతమందికి తెలుసు? ఇప్పుడది ఎంజీ రోడ్డు. మా నాన్న ఆఖరిదాకా రిక్షావాడికి జేమ్స్ స్ట్రీట్ అనే చెప్పాడు.

నన్నడిగితే బార్లు పోయినందుకు నాకు పెద్ద బాధేం లేదు. ఇప్పుడు సందుకో వైన్స్, దాని వెనక ఒక పర్మిట్ రూమ్. తాగేవాడికి చోటు కరువు కాలేదు. పోయింది ఇరానీ హోటళ్లు. మూల మీద ఉండే హోటళ్లు.

చిన్నోడు_2001:
ఇరానీ హోటళ్లు ఉన్నాయి కదన్నా? నిలోఫర్, నిమ్రా, ఆల్ఫా... రీల్స్ నిండా అవే.

మోండా మురళి:
ఉన్నాయి తమ్ముడూ, కాదనను. రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ 1978 నుంచి ఉంది. చార్మినార్ పక్కన నిమ్రా 93లో వచ్చింది. సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా ఆల్ఫాలో ఇప్పటికీ తెల్లవారుజామున జనం ఉంటారు. పారడైజ్ కూడా 1953లో సినిమా హాలు పక్కన చిన్న కేఫ్‌గానే మొదలైంది. హాలు పోయింది, కేఫ్ పెరిగి పెరిగి బిర్యానీ అయింది.

నేను చెప్పేది కూర్చోవడం గురించి. ఇప్పుడు కప్పు చేతికిచ్చి, క్యూఆర్ కోడ్ చూపించి, పక్కకి జరగమంటారు. నిలబడి తాగి వెళ్లాలి. అప్పట్లో పాలరాతి పలక వేసిన గుండ్రటి టేబులు, వంపు వీపు చెక్క కుర్చీలు. ఒక చాయ్ పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నా నిన్ను లేపేవాడు లేడు. గోడలకు నిలువుటద్దాలు ఉండేవి. అందం కోసమని మనం అనుకుంటాం. గల్లా మీద కూర్చున్న సేఠ్‌కి వెనక టేబుళ్లు కూడా కనిపించాలని అసలు సంగతి!

సమోసాలు అడగకపోయినా ప్లేటు తెచ్చి మధ్యలో పెట్టేవాడు. చిన్న చిన్న ఉల్లిపాయ సమోసాలు, పక్కన ఉస్మానియా బిస్కెట్లు. ఎన్ని తిన్నావో అన్నిటికే డబ్బు, మిగిలినవి ఇంకో టేబులుకు పోతాయి. నువ్వు లేచి గల్లా వైపు నడుస్తుంటే వెనక నుంచి సర్వర్ అరుస్తాడు, "దో చాయ్, చార్ సమోసే, ఛే రూపాయ్!" కాగితం లేదు, బిల్లు లేదు. ఆ అరుపే బిల్లు.

చిన్నోడు_2001:
ఇంట్లో ఎంత చేసినా ఆ రుచి రాదెందుకు?

మోండా మురళి:
ఎందుకంటే మనం పాలూ టీపొడీ కలిపి మరగబెడతాం. వాళ్లు రెండూ కలవనివ్వరు. డికాషన్ ఒక రాగి దేగిశాలో, మూతి చుట్టూ గుడ్డ బిగించి, సన్న సెగ మీద దమ్ములో గంటలు గంటలు. పాలు పక్కన ఇంకో గిన్నెలో, చిక్కబడి మీగడ కట్టే దాకా. కప్పులోకి వచ్చాకే ఆ రెండూ కలుస్తాయి. డికాషన్ తక్కువ, పాలు ఎక్కువ కావాలంటే పౌనా అనాలి. చెంచా నిలబడేంత చక్కెర వేయించుకునేవాళ్లూ ఉండేవాళ్లు, దాన్ని ఖడే చమ్మచ్ అనేవాళ్లు. మా పెదనాన్న అదే తాగేవాడు. తర్వాత షుగరొచ్చి పౌనాకు దిగాడు, అది వేరే కథ.

బొగ్గులకుంట భాస్కర్:
మురళి గారు మూల మీద ఉండే హోటళ్లు అన్నారు, దాని గురించి ఒక్క మాట. రెండు వీధులు కలిసే మూల షాపు కలిసిరాదని మనవాళ్లు వదిలేస్తే, ఇరానీలు తీసుకున్నారని పెద్దలు చెప్పేవాళ్లు. వాళ్లలో చాలామంది ఇరాన్‌లోని యజ్ద్ వైపు నుంచి, బొంబాయి, పూనాల మీదుగా ఇక్కడికి వచ్చినవాళ్లు. వాళ్లకి మూలంటే రెండు వైపులా తలుపులు, రెండు వీధుల గిరాకీ. అదే మూల చివరికి వాళ్ల కొంప ముంచింది. రెండు వైపులా రోడ్డున్న స్థలానికి పలికే ధర ముందు రెండు రూపాయల చాయ్ ఏపాటి? పిల్లలు చదువుకుని అమెరికా వెళ్లారు. గల్లా మీద కూర్చోవడానికి మనిషి లేడు. మా ఇంటి దగ్గర ఒకటి చెప్పుల షోరూమ్ అయింది, ఇంకోటి బ్యాంకు ఏటీఎం అయి, ఆ ఏటీఎం కూడా పోయి ఇప్పుడు షట్టరు వేసుంది.

ఆబిడ్స్‌లో ఓరియంట్ హోటల్ పేరెత్తకుండా ఈ చర్చ ముగించలేం. ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ కూర్చున్న చోటు. ఆయన 1969లో పోయారు, నేను చూడలేదు. మా మేనమామ చూశాడు, ఆయన పక్క టేబుల్లోనే కూర్చున్నానని చెప్పేవాడు. మా మేనమామ వయసు వాళ్లందరూ ఆ పక్క టేబుల్లోనే కూర్చున్నారు లెండి, ఆ లెక్కన అది రైలు బోగీ అంత పొడుగు టేబులై ఉండాలి. ఓరియంట్ లేదు. గ్రాండ్ హోటల్ మాత్రం 1935 నాటిది, ఇప్పటికీ ఉంది.

దిగంబర కవులు తమ మొదటి సంపుటిని 1965 మే నెలలో అర్ధరాత్రి, ఈ నగరంలోనే, నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. ఆ తర్వాతి సంపుటికి విజయవాడలో ఒక హోటల్ క్లీనర్‌ను పిలిచారు. హోటల్లో కప్పులు కడిగేవాడి ముఖం చూసిన కవులు వాళ్లు. ఇప్పటి మన సభలు ఏసీ హాళ్లలో.

నిర్వాహకుడు:
మిత్రులారా, విషయం మెట్ల బారు. ఇరానీ చాయ్‌కి ఇప్పటికే నాలుగు చర్చలున్నాయి 🙏

గౌడ్_మనవడు:
నిర్వాహకుడన్నా, ఒక్క పోస్టు నాకూ వదలండి, కల్లు కాంపౌండ్ గురించి ఒక్కరూ రాయలేదు. నగరం నడిబొడ్డున బార్ల కన్నా ముందు ఉన్నవి అవే కదా. చుట్టూ గోడ, మధ్యలో వేపచెట్టు, మట్టిలో బెంచీలు. గేటు బయట బోటి, గుడాలు, ఉడకబెట్టిన గుడ్లు అమ్మే ఆడవాళ్లు. కాంపౌండ్‌లో ఆడవాళ్లు కూడా కూర్చుని తాగేవాళ్లు, కూలి పనుల నుంచి వచ్చి. మీ బార్లలో ఎప్పుడైనా చూశారా?

మా తాత గీత కార్మికుడు. ముస్తాదు, అంటే చెట్టెక్కే సరంజామా, నడుముకు కట్టుకుంటే ఆ మనిషే మారిపోయేవాడు. కల్లు పొద్దున తియ్యగా ఉంటుంది, పొద్దెక్కుతున్నకొద్దీ పులుస్తుంది. ఊళ్లో చెట్టు కింద తాగితే అదీ రుచి. నగరానికి చేరేసరికి పులిసిపోతుంది, పైగా ఇంత జనానికి సరిపోదు. ఆ లోటు పూడ్చడానికే నీళ్లు, క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తు మందులు వచ్చి చేరాయి. 2004లో నగరంలో కల్లు దుకాణాలు మూసేశారు. 2014లో మళ్లీ తెరిచారు. వేపచెట్టు మాత్రం తిరిగి రాలేదు. తాత ఉండి ఉంటే రెండిటికీ తిట్టేవాడు, మూసినందుకూ, మందు కలిపినందుకూ.

రెడ్‌హిల్స్ రమ:
చాలా రోజుల నుంచి చదువుతూ ఉన్నాను, రాయడం ఇదే మొదటిసారి. మీ అందరి జ్ఞాపకాలూ లోపల కూర్చున్నవాళ్ల జ్ఞాపకాలు. నాది బయట నిలబడ్డ జ్ఞాపకం.

సుబ్బు గారూ, ఆ మెట్లు నాకు తెలుసు. దిగలేదు, చూశాను. నేను నాలుగో తరగతి. మా నాన్న నాంపల్లిలో ఒక ఆఫీసులో గుమాస్తా. ప్రతి నెలా ఒకటో తారీఖు సాయంత్రం అమ్మ నన్ను తీసుకుని ఆ సందు మొదట్లో నిలబడేది. జీతం మెట్లు దిగకముందే పట్టుకోవాలి. మేం వెళ్లేసరికి ఆయన అప్పటికే దిగి ఉండేవాడు. అమ్మ లోపలికి వెళ్లదు, నన్ను పంపదు. ఒక ముసలి సర్వర్ పైకి వచ్చి, "అమ్మా, సాబ్ వస్తున్నారు" అని చెప్పి, నా చేతిలో పల్లీల పొట్లం పెట్టి వెళ్లేవాడు. సాబ్ వచ్చేవాడు కాదు. తొమ్మిదయ్యాక ఇంటికి పోతే, మా నాన్న మంచం మీద పడుకుని నిద్రపోతూ ఉండేవాడు! మా కళ్లముందు నుంచి ఎలా వెళ్లాడో నాకు ఈరోజుకీ అర్థం కాలేదు.

ఇరానీ హోటళ్లలో మాకు ఫ్యామిలీ రూమ్ ఉండేది లెండి. కర్టెను వేసిన కొట్టు. అద్దాలూ పాలరాయీ మీకు, కర్టెనూ గోడా మాకు.

95 జనవరి 16న సంపూర్ణ నిషేధం అమల్లోకి వచ్చిన రోజు అమ్మ చేసిన సేమ్యా పాయసం నాకు గుర్తుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం మా ఇంటిదాకా వచ్చిందని సంతోషం. ఆ తర్వాత ఏమైందో మీకు తెలుసు, 97లో ఎత్తేశారు. ఆ మధ్యలో కూడా మా నాన్నకు బీదర్ నుంచి సీసాలు వచ్చేవి.

కోఠి_గుంటూరోడు:
రమ గారూ, ఏం రాయాలో తెలియట్లేదు.

సుబ్బు_ట్రూప్‌బజార్:
అమ్మా, ఆ సర్వర్ నాకు గుర్తున్నాడు. తెల్ల గడ్డం, ఎడమ చేతి మీద టవలు. ఆయన పైకి వెళ్లి వచ్చాడంటే ఎవరి ఇంటివాళ్లో వచ్చారని టేబుళ్ల దగ్గర నవ్వుకునేవాళ్లు. నేనూ నవ్వాను. అబద్ధం చెప్పను.

ఐసుబండి:
నమస్తే. మా అక్క కొడుకు ఫోన్లో ఈ లింకు చూపించాడు. తెలుగులో టైపు చేయడం వాడే నేర్పించాడు, తప్పులుంటే వదిలేయండి.

మా బాపు ఆబిడ్స్, కోఠి, సుల్తాన్‌బజార్ బార్లకు ఐసు వేసేవాడు. 82 నుంచి నేను వెనక బండి తోసేవాణ్ని. ఫ్యాక్టరీలో నిండు దిమ్మ తీసుకుని నాలుగు ముక్కలు కోయించి, ఊక చల్లి, గోనె సంచుల్లో చుట్టి, నాలుగింటికల్లా బయల్దేరాలి. ఎండాకాలం ఆలస్యమైతే ముక్కలో పావు వంతు రోడ్డు తాగేసేది. బార్లో ఫ్రిజ్ ఉన్నా కరెంటు ఉండాలి కదా. అందుకే రేకు కొట్టిన చెక్కపెట్టె అందరికీ ఉండేది. ముందు గుమ్మంలోంచి ఐసు రానివ్వరు, నేల తడుస్తుందని. అందుకని మీరెవరూ చూడని దారులు నాకు తెలుసు.

మీ మెట్ల బారుకు వెనక ఒక గుమ్మం ఉంది. నడుం వంచి దూరాలి. అది వెనక సందులోకి తెరుచుకుంటుంది. రమ చెల్లే, మీ నాన్నగారు ఎలా వెళ్లారంటే అలా. ఒకటో తారీఖున ఐసు గుమ్మం మాకు ఖాళీ దొరికేది కాదు. మేం దిమ్మ లోపలికి తోస్తుంటే సాబ్‌లు బయటికి వచ్చేవాళ్లు, ప్యాంట్లకు ఊక అంటించుకుని. ముసలాయనే పంపేవాడు. పైన మీకు పల్లీలు ఇచ్చేదీ ఆయనే, కింద వాళ్లకు గుమ్మం తీసేదీ ఆయనే.

సుబ్బు సార్, గుంటూరు సార్, మీరిద్దరూ చెప్పింది ఒకే చోటు. 95లో మూసి టిఫిన్ సెంటర్ పెట్టారు, నడవలేదు, కిందికి దిగి ఇడ్లీ ఎవరు తింటారు? 97లో మళ్లీ బారు. 2000 ఆగస్టులో ఆ వాన గుర్తుంది కదా, ఒక్క రోజులో ఇరవై నాలుగు సెంటీమీటర్లు పడ్డది. నీళ్లు మెట్ల మీంచి దిగి టేబుళ్లు తేలాయి. తర్వాత ఓనరు రాళ్లు, మట్టి పోయించి నేల ఎత్తు చేయించాడు. చేపల తొట్టి అప్పుడే పెట్టాడు. ఇంకో మూడు నాలుగేళ్లు నడిచిందేమో. మాకు ఐసు పని అంతకు ముందే పోయింది, మెషీన్ కొన్నారు.

మోండా మురళి:
వాహ్. అన్నా, మీరు ఇన్నాళ్లూ ఎక్కడున్నారు?

ఐసుబండి:
ముషీరాబాద్‌లో. ఎక్కడికి పోతాను.

రెడ్‌హిల్స్ రమ:
అన్నా, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. ఆమెకిప్పుడు డెబ్బై ఆరు. నేను ఆ వెనక గుమ్మం మాట చదివి ఆగాను, ఎలా తీసుకుంటుందోనని. ఆమె పప్పు ఏరుతూ తలెత్తకుండా, "నాకు తెలుసు. ప్యాంటుకు ఊక అంటుకుని వస్తే ఉతికేదాన్ని నేను కాదా? మూడో నెల నుంచి నిన్ను ఇంట్లో పెట్టి ఆ వెనక సందులోనే నిలబడ్డాను" అంది.

నేను పల్లీలు ఎందుకు ఆగిపోయాయా అనుకునేదాన్ని.

ఐసుబండి:
ఆ సందులో చాలామంది ఆడవాళ్లు నిలబడేవాళ్లు చెల్లే. వాళ్లలో అమ్మ ఎవరో చెప్పలేను. బండికి దారివ్వమని అరిచేవాణ్ని, వాళ్లు గోడకు అతుక్కుని నిలబడేవాళ్లు. అమ్మకు నా దండం చెప్పండి.

నిర్వాహకుడు:
మొన్న విషయం దాటొద్దన్నాను. వెనక్కి తీసుకుంటున్నాను. రాయండి.

సుబ్బు_ట్రూప్‌బజార్:
ఐసుబండి గారూ, ఒక్క సందేహం. 95 తర్వాత నేను కూకట్‌పల్లి షాపుకు మారాను, మళ్లీ తెరిచిన సంగతే తెలియలేదు. కానీ మెట్ల లెక్క తేలలేదు.

ఐసుబండి:
నిన్న ఆదివారం పోయి చూసొచ్చాను సార్. కింద ఇప్పుడు మొబైల్ కవర్ల గోడౌన్. వాచ్‌మన్‌కు చెబితే షట్టరు సగం లేపాడు. అట్టపెట్టెలు పై మెట్టు దాకా పేర్చారు. పక్కకి జరిపించి లెక్కపెట్టాను, తొమ్మిది. చివరి మెట్టు దగ్గర చెప్పుతో కొడితే రాయి మోత కాదు, సిమెంటు మోత. నేల ఎత్తు చేసినప్పుడు కింది రెండు మెట్లూ అందులో పోయాయి. ఐసు గుమ్మం ఇటుకలతో కట్టేశారు.

కోఠి_గుంటూరోడు:
అదీ నా బొప్పి సంగతి! నేల రెండు మెట్లు పైకొస్తే కప్పు తలకు తగలదా మరి. సుబ్బు సార్, మీ పదకొండు మీకే.

సుబ్బు_ట్రూప్‌బజార్:
మీ తొమ్మిదీ మీదే. వచ్చే ఆదివారం పుస్తకాలకు వస్తున్నాను, పదకొండింటికి గ్రాండ్‌లో ఉంటాను. ఐసుబండి గారు కూడా రావాలి. రమ గారూ, మీరూ అమ్మగారూ వస్తే సంతోషం.

రెడ్‌హిల్స్ రమ:
అమ్మ వస్తానంటోంది. కర్టెను లేని టేబులు చూసి ఉంచమంది.